దయ పత్తి, సత్యం పురి: జంధ్యంపై గురునానక్ శ్లోకం

సిక్కు గురువులు ఇతర మతాల ఆచారాలను పూర్తిగా తోసిపుచ్చారనడానికి సిక్కుల ప్రార్థనా గీతమాలిక ఆసా దీ వార్‌లోని జంధ్యం శ్లోకాన్ని సాక్ష్యంగా చూపిన సభ్యులకు ఒక విన్నపం: దాని రెండో పాదాన్ని కూడా కలిపి చదవాలి.

"దఇఆ కపాహ్ సంతోఖ్ సూత్, జత్ గంఢీ సత్ వట్, ఏహ్ జనేఊ జీఅ కా, హఈ త పాడే ఘత్." దయ పత్తిగా, సంతృప్తి నూలుగా, నిగ్రహం ముడిగా, సత్యం పురిగా అమరినదే జీవుని జంధ్యం, పండితుడా, అటువంటిది నీ దగ్గర ఉంటే వెయ్యి అని దీని భావం. ఉపనయన వేళ బాలనానక్ పురోహితునితో ఈ మాట అన్నాడని జనమ్‌సాఖీలు, అంటే గురునానక్ జీవిత గాథలు, చెబుతాయి. "ఘత్" అంటే "వెయ్యి" అని చెప్పే విధ్యర్థక క్రియ, "హఈ త" ("ఉంటే") దానికి పెట్టిన షరతు. "వద్దు" అనే మాట శ్లోకంలో ఎక్కడా లేదు.

అంతమాత్రాన ఇది మెత్తని శ్లోకమని నేననను. నాలుగు గవ్వలకు కొనితెచ్చి వేసిన దారం మనిషి చనిపోగానే రాలిపోతుందని, అతడు "వేతగా", అనగా దారం లేనివాడై, వెళ్ళిపోతాడని ఆ తర్వాత వచ్చే పంక్తులు ఎత్తిపొడుస్తాయి. నిజానికి ఇంత సూటి వ్యంగ్యం మన అనువాదాల్లో తరచు చప్పబడిపోతుంది.

ముస్లిములను ఉద్దేశించిన చోట కూడా పద్ధతి ఇదే. మాఝ్ రాగంలోని వార్ అనే గేయరచనలో గురునానక్ ఐదు నమాజులకు సత్యం, ధర్మార్జితం, దేవుని పేర మేలు కోరడం, శుద్ధ సంకల్పం, దైవస్తుతి అని పేర్లు పెట్టి, ఎదుటివారి పరిభాషలోనే వారిని నిలదీశారు. 1604లో ఐదో గురువు అర్జన్ కూర్చిన సిక్కుల పవిత్ర గ్రంథం ఆదిగ్రంథంలో సూఫీ షేక్ ఫరీద్, భక్తకవులు నామ్‌దేవ్, కబీర్, రవిదాస్‌ల వాక్కులు గురువుల వాక్కుల సరసనే చేరాయి కనుక, ఆ విమర్శను పరమత ద్వేషంగా చదవడానికి నాకు ఆధారం కనిపించదు.

జంధ్యం విషయానికే వస్తే, తొమ్మిదో గురువు తేగ్ బహదూర్‌ను 1675లో ఢిల్లీలో శిరచ్ఛేదం చేశారు. బలవంతపు మతమార్పిడి నుంచి కాపాడమన్న కాశ్మీరీ పండితుల మొర విని ఆయన అందుకు సిద్ధపడ్డారని సిక్కు సంప్రదాయం చెబుతుంది. పదో గురువు గోవింద్ సింగ్ రచనగా ప్రసిద్ధమైన ఆత్మకథాత్మక కావ్యం బచిత్తర్ నాటక్‌లో ఆ త్యాగాన్ని స్మరించే పంక్తి "తిలక్ జంఝూ రాఖా ప్రభ్ తా కా". ఇందులోని "తా కా" అనే సర్వనామానికి "వారి" అని, అంటే ఆ పండితుల తిలకాన్ని, జంధ్యాన్ని కాపాడారని, సంప్రదాయ వ్యాఖ్యానం అర్థం చెబుతుంది.