దొనకొండ లోకో షెడ్డుకి తాతయ్యను తీసుకెళ్దామనుకుంటున్నా, అక్కడ చూడ్డానికి ఏమైనా మిగిలిందా?

అరండల్‌పేట అబ్బాయి:
మాది గుంటూరు. మా తాతయ్య (అమ్మ వాళ్ళ నాన్న) 1962లో దొనకొండ లోకో షెడ్డులో (బొగ్గింజన్లు నిలిపే రైల్వే షెడ్డు) క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ (ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు) అయ్యి, డ్రైవర్‌గా రిటైర్ అయ్యాడు. ఇప్పుడు 85 దాటాయి. పొద్దున తిన్నదేంటో గుర్తుండదు గానీ ఏ ఇంజన్ ఎక్కడ మొరాయించిందో చెప్పేస్తాడు. కాఫీ ఆలస్యమైతే "స్టీమ్ పడిపోతోందే అమ్మాయ్" అని మా అమ్మ మీద కేకలు. రెండు నెలలుగా దొనకొండ తీసుకెళ్ళమని ఒకటే నస. తీసుకెళ్ళడం కష్టం కాదు, కానీ అక్కడ అంతా పడిపోయి ఉంటే చూసి దిగులు పెట్టుకుంటాడేమోనని నా టెన్షన్. ఈ మధ్య వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి.
ఇంకోటి, ఆయన ట్రంకు పెట్టెలో పాత కిరసనాయిలు దీపం ఒకటి దొరికింది. మీద ఇంగ్లీషులో ఎం.ఎస్.ఎం. అని అచ్చు ఉంది. ఎప్పటిది? ఇంట్లో పెట్టుకుంటే తప్పా?

షెడ్డు వెనక వీధి:
తమ్ముడూ, నేను ఆ క్వార్టర్లలోనే పెరిగాను, మా నాన్న కూడా డ్రైవరే. ఉన్నదున్నట్టు చెప్తా. షెడ్డు లేదు. నేను పోయినప్పుడు క్వార్టర్లు చాలావాటికి పైకప్పులు లేవు, మేం క్రికెట్ ఆడిన చోట సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. మా ఇల్లు ఏదో పోల్చుకోవడానికే నాకు పది నిమిషాలు పట్టింది, చివరికి వంటింటి అరుగు చూసి గుర్తుపట్టా.
ఆ ఊరికి షెడ్డు ఎందుకొచ్చిందంటే, గుంటూరుకీ నంద్యాలకీ మధ్య 250 కిలోమీటర్ల పైచిలుకు, దొనకొండ సుమారు నడిమిన పడుతుంది. బొగ్గింజన్ డీజిల్ బండిలా ఏకబిగిన పోదు కదా, నీళ్ళు పట్టాలి, బొగ్గు ఎత్తాలి, బూడిద గుంట మీద ఆపి నిప్పు శుభ్రం చేయాలి, పనివాళ్ళు మారాలి. అందుకే షెడ్డు, షెడ్డు కోసం క్వార్టర్లు, బండి దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూము, వాటి చుట్టూ ఊరు. చల్లారిన ఇంజన్‌ని మళ్ళీ రాజేసి స్టీమ్ తెప్పించాలంటే నాలుగైదు గంటలు, కాబట్టి షెడ్డులో రాత్రీ పగలూ అని తేడా ఉండేది కాదు.
రాత్రి రెండింటికి కాల్ బాయ్, అంటే డ్యూటీకి పిలిచే మనిషి, వచ్చి తలుపు కొట్టేవాడు, చేతిలో లాంతరు, చంకలో పుస్తకం. నాన్న సగం నిద్రలో సంతకం పెడితే అమ్మ అప్పటికే పొయ్యి ముట్టించి ఉండేది. వీధిలో ఎవరి తలుపు చప్పుడైనా మేం లేచి "మనదా, పక్కింటిదా" అని చెవులు రిక్కించేవాళ్ళం. మీ తాతయ్యని కాల్ బాయ్ సంగతి అడుగు, మొదలుపెడితే ఆపడు. అలాగే "ప్లగ్గు ఎప్పుడైనా కరిగిందా" అని కూడా మెల్లగా అడుగు. బాయిలర్‌లో నీళ్ళు మరీ తగ్గితే సీసం ప్లగ్గు కరిగి, ఆవిరి వచ్చి నిప్పు ఆర్పేస్తుంది. అదే లేకపోతే బాయిలర్ పేలిపోతుంది. కానీ ప్లగ్గు కరిగిందంటే ఆ డ్రైవరు, ఫైర్‌మన్ తలెత్తుకోలేరు, ఛార్జిషీటు సరేసరి. మా నాన్నకి ఒకసారి అంచు దాకా వచ్చిందట, అది చెప్పేటప్పుడు నలభై ఏళ్ళ తర్వాత కూడా గొంతు తగ్గించేవాడు.

పాత సామాను:
దీపం గురించి నేను చెప్తా. ఎం.ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. మద్రాస్ రైల్వే, సదరన్ మరాఠా రైల్వే రెండూ కలిసి 1908లో ఆ పేరు వచ్చింది, 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసిపోయింది. అంటే మీ దీపం ఆ 43 ఏళ్ళలోదే, మీ తాతయ్య ఉద్యోగంలో చేరక ముందుదే. పైభాగం తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మారుతాయా చూడండి, మారితే గార్డులూ, పట్టాలు మార్చే పాయింట్స్‌మెన్లూ వాడిన చేతి దీపం.
తప్పా అంటే, 1966 నాటి రైల్వే ప్రాపర్టీ చట్టం ఒకటి ఉంది. దొంగ సొత్తని అనుమానం వస్తే మనకి న్యాయంగా వచ్చిందని మనమే చూపించుకోవాలి. పాత సరుకు వేలంలో కొన్నదైతే రసీదు ఉంటుంది, లేదంటే ఎవరిచ్చారో తాతయ్యతో చెప్పించి రాసి పెట్టుకోండి. అమ్మకానికి మాత్రం పెట్టకండి. ఇంట్లో వద్దనుకుంటే ఢిల్లీలో 1977 నుంచి నేషనల్ రైల్ మ్యూజియం ఉంది, చెన్నైలో ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) దగ్గర ఒకటి ఉంది, రాసి అడగొచ్చు. ఇత్తడి భాగాల్ని చింతపండు పెట్టి మెరిసేలా తోమేయకండి, ఆ మసే దాని వయసు.

స్లీపర్ క్లాస్:
అందరూ ఏడుస్తున్నారు గానీ మీటర్ గేజ్ రోజులు మర్చిపోయారా? గుంటూరులో ఎక్కి మార్కాపురం దిగేసరికి చొక్కా నల్లగా, కళ్ళలో బొగ్గు నలకలు. పట్టాల మధ్య మీటరు ఉన్నదాన్ని 1,676 మిల్లీమీటర్లు చేశాకే కదా ఈ లైనుకి దూరం బళ్ళు వచ్చింది.

షెడ్డు వెనక వీధి:
నలకలు నిజమే బ్రదర్, మా అమ్మ ఆరేసిన బట్టలు రోజూ మళ్ళీ ఉతికేది. తొంభైల్లో పెద్ద లైను పడాల్సిందే, కాదనను. కానీ బొగ్గింజన్లతో పాటు ఉద్యోగాలూ పోయి జీతాల రోజున కిటకిటలాడే అంగళ్ళకి తాళాలు పడ్డాయి, ఆ సంగతి ప్రయాణికుడికి తెలీదు. 2014లో రాజధాని దొనకొండే అని పుకారు లేచినప్పుడు మా వాళ్ళు పాత దస్తావేజులు దులిపారు, అదీ పోయింది.

నల్లపాడు జంక్షన్:
దొనకొండ దాకా వెళ్తే ఇంకాస్త ముందుకెళ్ళి నల్లమలలో బొగడ సొరంగం, దొరబావి వంతెన కూడా చూపించండి. లైను మార్చాక పాత వంతెన స్తంభాలు అడవిలో నిలబడి ఉన్నాయి, అద్భుతం.

షెడ్డు వెనక వీధి:
85 ఏళ్ళ మనిషిని అడవిలో నడిపిస్తారా స్వామీ! వద్దు. పొద్దున బండికి వెళ్ళి, ప్లాట్‌ఫాం మీద కుర్చీ వేసి కూర్చోబెట్టు. షెడ్డు వైపుకి ఆయన అడిగితేనే తీసుకెళ్ళు. స్టేషన్ చుట్టుపక్కల పాత ఇనుప గుంజలు కనిపిస్తే దగ్గరికెళ్ళి చూడు. మన లైన్లలో అరిగిన పట్టాల్నే నిలబెట్టి కంచె గుంజలుగా, బోర్డు కాళ్ళుగా వాడేవాళ్ళు. పట్టా నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, ఏడాది ఉబ్బెత్తుగా ఉంటాయి. రంగు పూతల కింద వేలితో తడిమితే చేతికి తగులుతాయి.

అరండల్‌పేట అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. రాత్రి తాతయ్యకి అంతా చదివి వినిపించా. షెడ్డు లేదంటే "తెలుసురా, దాన్ని ఖాళీ చేసిందే మేం" అన్నాడు, నేను రెండు నెలల నుంచి దాస్తున్నదేంటో నాకే అర్థం కాలేదు. ప్లగ్గు మాట ఎత్తగానే మాత్రం టీవీ సౌండ్ పెంచాడు. దీపం, తాతయ్య మొదట ఎవరి కింద పనిచేశాడో ఆ డ్రైవరు తను రిటైరైన రోజున ఇచ్చాడట, అది రాయించి సంతకం పెట్టించా. ఆదివారానికి టిక్కెట్లు తీశా. ఎరుపు అద్దం పగిలి ఉంది, అలాంటిది ఎక్కడైనా దొరికితే చెప్పండి.