రెండు కంపెనీలు, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు, ఒకే స్విచ్: ఎలా విడదీయాలి?

నమస్కారం. అమీర్‌పేటలో ఒకే అంతస్తును పంచుకుంటున్న రెండు చిన్న కంపెనీల నెట్‌వర్క్ చూసుకునే బాధ్యత నాది. ఒకటి ఆడిటర్ల కార్యాలయం, మరొకటి సాఫ్ట్‌వేర్ సంస్థ. ఎవరి ఫైబర్ కనెక్షన్ వారిది. అయితే గోడల్లోని కేబుళ్లన్నీ ఒకే 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌కు (కేబుళ్లను కలిపే, సెట్టింగులు మార్చుకోగల పరికరానికి) చేరుతున్నాయి, మళ్లీ వైరింగ్ చేయించడానికి భవన యజమాని ఒప్పుకోవడం లేదు.

రెండు రౌటర్లూ ఆ స్విచ్‌కే తగిలించి ఉండటంతో రెండూ డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు నెట్‌వర్క్ చిరునామాలు వాటంతటవే అందే పద్ధతి) ద్వారా చిరునామాలు ఇస్తున్నాయి. ఏది ముందు స్పందిస్తే కంప్యూటర్ దాని దారే పడుతోంది. ఆడిటర్ల ల్యాప్‌టాప్‌కు ఒకరోజు 192.168.1తో మొదలయ్యే చిరునామా వస్తే, మరునాడు 192.168.0తో మొదలయ్యేది వస్తోంది, అంటే వారి పని పక్క కంపెనీ కనెక్షన్ మీదుగా సాగుతోందన్నమాట. క్లయింట్ల పన్ను పత్రాలున్న ఫోల్డర్లు అవతలివారికి కనిపించే అవకాశం ఉండటమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ఒక్కో కంపెనీకి ఒక్కో వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) కేటాయించి, వారి పోర్టులనూ రౌటర్‌నూ అందులోనే ఉంచితే ఇది తీరుతుందని నా అభిప్రాయం. చిక్కల్లా ఉమ్మడి ప్రింటర్‌తోనే. దాన్ని మూడో వీల్యాన్‌లో పెట్టి, రెండు వైపుల నుంచీ 9100 పోర్టును (ప్రింటర్‌కు డేటా పంపే నెట్‌వర్క్ పోర్టు సంఖ్యను) మాత్రమే అనుమతించాలంటే, రెండు వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టులున్న ఒకే ఫైర్‌వాల్‌లో పాలసీ రౌటింగ్ (ఎవరి ట్రాఫిక్ ఏ కనెక్షన్ మీదుగా వెళ్లాలో నియమాలతో నిర్ణయించడం) చేయడం మేలా, లేక ఇప్పుడున్న రౌటర్లనే ఉంచి లేయర్ 3 స్విచ్ (వీల్యాన్ల మధ్య రౌటింగ్ కూడా చేయగల స్విచ్) వాడటం మేలా? ఒకే ఫైర్‌వాల్ అయితే, అది ఆగిన రోజు ఇద్దరి పనీ నిలిచిపోతుంది. దాని పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉండాలన్నదీ తేలాలి. ఇలాంటి ఏర్పాటు చేసినవారు దయచేసి వివరించగలరు.