"గూటి పలుకు" అని వాడదామా?

"ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది." ఈ సామెతను మనం ఎక్కువగా ఎత్తిపొడుపుకే వాడుతున్నాం, ముఖ్యంగా రాజకీయాల్లో. ఆమధ్య మన గుంపులో "లాంగ్వేజ్ నెస్ట్"కు, అంటే పెద్దలు పసిపిల్లలతో తమ సొంత భాషలోనే మాట్లాడుతూ దాన్ని అందించే చోటుకు, తెలుగు ఏమిటని ఒకరు అడిగితే "భాషా గూడు", "భాషా వాటిక" అని జవాబులు వచ్చాయి. నాకు మాత్రం ఈ సామెతలోని "గూటి పలుకు" దానికి సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది.

"లాంగ్వేజ్ నెస్ట్" అనే మాట పుట్టింది న్యూజిలాండ్‌లో. 1982లో అక్కడి ఆదివాసులైన మావోరీల పెద్దలు పసిపిల్లల కోసం "కోహంగ రెయో" మొదలుపెట్టారు. కోహంగ అంటే గూడు. రెయో అంటే గొంతు, భాష రెండూ. మన "పలుకు" కూడా అంతే కదా! 1984లో హవాయిలో "పూనన లేయో" వచ్చింది, అర్థం అదే. 1987లో ఆ ఆలోచన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు, ఆడమ్స్ సరస్సు ఒడ్డున ఉండే సెహ్వెప్మఖ్ అనే ఆదివాసీ జాతి దగ్గరికి చేరింది. అక్కడి తల్లిదండ్రులే పూనుకుని ముందు పసిపిల్లల గూడు పెట్టారు, 1991లో తమ భాషలోనే చదువు చెప్పే చీఫ్ అటామ్ స్కూల్ తెరిచారు.

ఈ జాతికి గూడు ఎందుకు అవసరమైందో తెలియాలంటే బ్రిటిష్ కొలంబియాలోనే ఉన్న కామ్లూప్స్ బడి సంగతి తెలియాలి. 1890లో మొదలై 1978 దాకా నడిచిన రెసిడెన్షియల్ స్కూల్ అది, ఆదివాసీ పిల్లలను ఇంటికి దూరంగా ఉంచిన బడి. కెనడా ప్రభుత్వం డబ్బిచ్చింది, చర్చి నడిపింది. 1920లో చట్టం మార్చి, ఆదివాసీ పిల్లలను ఇలాంటి బళ్ళకు పంపడం తప్పనిసరి చేశారు. దేశమంతటా సుమారు 1,50,000 మంది పిల్లలు వీటిలో పెరిగారు. అమ్మ భాషలో మాట్లాడినందుకు కొట్టారని, సబ్బుతో నోరు కడిగారని వాళ్ళు పెద్దయ్యాక ఈ బళ్ళ సంగతి విచారించిన సత్య సంధాన సంఘం (ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్) ముందు చెప్పుకున్నారు. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తర్వాత ఇళ్ళలో జరిగినది. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయి, పెళ్ళిళ్ళయి, బిడ్డల్ని కన్నారు. వాళ్ళలో చాలామందికి తమ భాష వచ్చు. అయినా బిడ్డలతో మాట్లాడలేదు. తాము పడ్డ బాధ బిడ్డ పడకూడదనే ప్రేమతోనే నోరు కట్టేసుకున్నారు. అలా ఒక తరం తిన్న దెబ్బ ఇంకో తరానికి మౌనంగా దిగింది. పుట్టినప్పటినుంచీ అమ్మమ్మ పక్కనే ఉన్నా ఆమె మాట తెలియని మనవలు తయారయ్యారు. పైగా "నాకు నా భాష రాదు" అనే సిగ్గు ఆ మనవలదే అయింది.

గూడు అడిగేది ఆ అమ్మమ్మనే. నువ్వొచ్చి కూర్చో, నీకొచ్చిన మాటలే మాట్లాడు, పిల్లలు వింటారు అంటుంది. చీఫ్ అటామ్ బడి పద్ధతిలో వినడానికి పెద్ద పీట. పెద్దలు లేవమంటే పిల్లలు లేస్తారు, రాయి తెమ్మంటే తెస్తారు. మాట్లాడటం తర్వాత దానంతటదే వస్తుంది. ఏ మాటకైతే తాను దెబ్బలు తిన్నదో, ఆ మాట చెప్పగానే ఒక పసివాడు నవ్వుతూ పరుగెత్తుకొస్తే ఆ ముసలమ్మకు ఎలా ఉంటుంది! మాన్పు పిల్లలకంటే ముందు ఆమెకే మొదలవుతుందని నా నమ్మకం.

*వ్యాఖ్య:* బాగా రాశారండీ. కానీ భాష నేర్పితే గాయం మానుతుందనడానికి ఆధారం ఏమైనా ఉందా?

*జవాబు:* ఉందండీ, కొంత. 2007లో హాలెట్, చాండ్లర్, లాలోండ్ అనే పరిశోధకులు బ్రిటిష్ కొలంబియాలోని ఆదివాసీ సముదాయాలను పరిశీలించారు. సగం మందికి పైగా సొంత భాషలో మాట్లాడగలిగిన చోట్ల యువత ఆత్మహత్యలు చాలా తక్కువగా, కొన్నిచోట్ల అసలు లేనట్టుగా కనిపించాయి. భాష వల్లే తగ్గాయని దీన్నిబట్టి తేల్చేయలేం. భాష నిలిచిన చోట భూమి, పెద్దరికం, ఆచారాలు కూడా నిలిచి ఉండవచ్చు. కానీ అవన్నీ విడదీయలేనివనే ఆ సముదాయాల పెద్దలు మొదటినుంచీ చెబుతున్నారు.

*వ్యాఖ్య:* మన ఆశ్రమ పాఠశాలల మాటేమిటి సార్?

*జవాబు:* కెనడాలో జరిగినదాన్ని, ఇక్కడిదాన్ని ఒకే గాటన కట్టను. అయితే గోండి, కోయ, సవర ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు తెలుగే బడి భాష, పెద్ద భాష. ఈ సంగతి తెలుగువాళ్ళం మనమే ముందు ఒప్పుకోవాలి. 1940లలో ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి అనే గోండు గూడెంలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండి వాచకాలు తయారు చేయించారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8 గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చింది. ఆ వాచకాలతో పాఠం చెప్పిన మాస్టార్లు, టీచర్లు మన గుంపులో ఉంటే వాళ్ళ అనుభవం రాయాలని నా విన్నపం. గూటికి, పలుకుకు ఆ భాషల్లో ఏమంటారో కూడా చెప్పండి. నా మాటకంటే అవే ముందు నిఘంటువుకెక్కాలి.