వంటింటి ఆత్మకథల్లో కల్పన ఎంతవరకు చెల్లుతుంది?

పుస్తకప్రియ:
బ్రిటన్ వంటల రచయిత నైజెల్ స్లేటర్ తన చిన్నతనం గురించి రాసుకున్న 'టోస్ట్' (2003) రెండోసారి చదివాను. అమ్మ చేసే టోస్టు ఎప్పుడూ మాడేదే. అయినా ఆ పిల్లవాడికి ప్రేమంటే అదే. తొమ్మిదేళ్లకే అమ్మ పోయింది. తర్వాత వచ్చిన సవతి తల్లి 'లెమన్ మెరింగ్ పై' అనే నిమ్మకాయ తీపి వంటకం అద్భుతంగా చేస్తుంది కానీ అతనికి ఆమె పొడ గిట్టదు. పుస్తకం వచ్చాక ఆమె కూతుళ్లు, మా అమ్మ అలాంటి మనిషి కాదన్నారు. అది తెలిసినప్పటి నుంచి నాకు ఆ పుస్తకం రుచించడం లేదు. జ్ఞాపకమే కదా అని వదిలేయాలా?

ఉప్పూకారం:
వదిలేయక? అది పసివాడి నాలుక చెప్పిన కథ, పంచాయతీ తీర్పు కాదు. అమెరికా ఆహార రచయిత్రి రూత్ రైషల్ అయితే తన ఆత్మకథ 'టెండర్ ఎట్ ద బోన్' (1998) మొదట్లోనే కొంత అల్లానని ఒప్పేసుకుంది. వాళ్లమ్మ బూజు పట్టినదాన్ని కూడా పారేయదు. కొడుకు నిశ్చితార్థం విందు తిన్నవాళ్లలో పాతిక మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారట! లెక్క ఇద్దరు అటూ ఇటూ అయితే మనకేం పోయింది? పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అతిథులు ఏది తింటారోనని చిన్నపిల్లగా ఉన్న రైషల్ కాపలా కాయడం చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

పాత అలమర:
ఉప్పూకారం గారూ, గొడవ లెక్క గురించి కాదు, ఆ అమ్మ గురించి. తల్లి పోయాక రైషల్ ఆ తల్లి ఉత్తరాలు, కాగితాలు ఉన్న పెట్టె తెరిచి, 2009లో చిన్న పుస్తకం రాసింది. అందులో కనిపించేది వేరే మనిషి. డాక్టరు కావాలనుకుంటే, అలా చదివితే పెళ్లి కాదని పెద్దవాళ్లు ఆపేసిన అమ్మాయి. నవ్వించడానికి తల్లిని వాడుకున్నానని కూతురికే అనిపించింది కదా. మీరు నవ్విన ఆ విందును ఇప్పుడు మళ్లీ చదవండి.

ఉప్పూకారం:
ఆ రెండో పుస్తకం నేను చదవలేదు. అది వేరే సంగతి, ఒప్పుకుంటాను. కానీ మొదటిది అలా రాయకపోతే రెండోది పుట్టేదా?

పుస్తకప్రియ:
ఫ్రెంచి వంటను అమెరికన్లకు నేర్పిన జూలియా చైల్డ్ ఆత్మకథ 'మై లైఫ్ ఇన్ ఫ్రాన్స్' చదివినప్పుడు ఈ అనుమానమే రాలేదు. 1948 నవంబరులో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో తిన్న, వెన్నలో వేయించిన చేప గురించి అంత వివరంగా ఎలా చెప్పగలిగిందా అనుకున్నాను. భార్యాభర్తలు ఆ రోజుల్లో రాసిన ఉత్తరాల కట్టలు దగ్గర ఉన్నాయి. భర్త అన్నదమ్ముడి మనవడు వాటిని ముందు పెట్టుకుని ఆమెతో మాట్లాడి రాశాడు. పుస్తకం 2006లో, ఆమె పోయాక వచ్చింది.

ఉప్పూకారం:
ఉత్తరాల్లో మాత్రం కోతలు ఉండవా అండీ? ఊరు కాని ఊరు నుంచి రాసేవాళ్లు చేపను కాస్త పెద్దది చేసే రాస్తారు.

పాత అలమర:
రాస్తారు. కానీ ఆ చేపకు కూతుళ్లు లేరు, వచ్చి కాదనడానికి.

పుస్తకప్రియ:
మా ఇంట్లో అమ్మమ్మ చేసిన గోంగూర పచ్చడి కథ నేను ఒకలా చెబుతాను, మా అక్క ఇంకోలా చెబుతుంది. మొన్న నేను రాసి చూపిస్తే, అసలు ఆ రోజు నువ్వు ఊళ్లోనే లేవంది. కాగితం చించలేదు, ఇంకా సొరుగులోనే ఉంది.