ఏడాదికి 3 లక్షల ప్రైవేటు సీటు: అంత ఖర్చుకు తగ్గ జీతం వస్తుందా?

ప్రశ్న: చింతల్ నివాసి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఏడాది ఎంసెట్‌లో, అంటే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో, 31 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మొదటి విడత కౌన్సెలింగ్‌లో మేడ్చల్ వైపున్న ఒక జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో కన్వీనర్ కోటా (ర్యాంకు ప్రకారం ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లు) కింద ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్) సీటు కేటాయించారు. ఫీజు ఏడాదికి 95 వేలు. ఈలోగా నగర శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు ఫోన్ చేసి, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఏఐ, ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) సీటు ఇస్తామని, ఏడాదికి 3 లక్షలు అవుతుందని, నెలాఖరులోగా మొదటి వాయిదా కట్టకపోతే సీటు వేరొకరికి వెళ్తుందని చెబుతున్నారు.

నేను బాలానగర్‌లో ఒక చిన్న పరిశ్రమలో సూపర్‌వైజర్‌ని. నెలకు 52 వేలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఇంకా తీరలేదు, చిన్నవాడు పదో తరగతిలో ఉన్నాడు. ఆదాయ పరిమితి దాటడం వల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు రాదు. బ్యాంకులో 4 లక్షల డిపాజిట్ ఉంది. బంధువులందరూ "ఈ రోజుల్లో సీఎస్ఈ తప్ప వేరేది చదివితే లాభం లేదు, అప్పు చేసైనా చేర్పించు" అంటున్నారు. ఆ విశ్వవిద్యాలయం హోర్డింగుల మీద ప్యాకేజీల అంకెలు చూస్తే నాలుగేళ్లకు 12 లక్షలు పెద్ద మొత్తం కాదేమో అనిపిస్తుంది, ఇంటికి వచ్చి లెక్క వేస్తే నిద్ర పట్టడం లేదు. ఇలాంటి నిర్ణయంలో ఏ అంకెను ఏ అంకెతో పోల్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: రాయదుర్గం ఉద్యోగి

సర్, నేను క్యాంపస్ నియామకాల పనిలో ఉన్నాను కనుక హోర్డింగు గురించి మాత్రం చెప్పగలను. అక్కడ పెద్ద అక్షరాలతో వేసే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. తక్కిన వందలమంది సంగతి దానివల్ల ఏమీ తెలియదు. సగటు ప్యాకేజీ అన్న అంకె కూడా నలుగురైదుగురు పెద్ద జీతగాళ్ల వల్ల పైకి లేస్తుంది. మీరు అడగవలసింది మధ్యస్థ జీతం, అంటే ఉద్యోగం వచ్చినవారిని జీతం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే విద్యార్థి జీతం. దానికంటే ముందు అడగవలసింది, ప్లేస్‌మెంట్ శాతాన్ని ఎంతమందిని లెక్కలోకి తీసుకుని కట్టారన్నది. చాలాచోట్ల బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవారిని, 60 శాతం మార్కులు లేనివారిని "అర్హులు కారు" అని ముందే పక్కన పెట్టి, మిగిలినవారిలో శాతం చెబుతారు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కించే కళాశాలలూ ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగులలో పాల్గొనే ప్రతి సంస్థ ఒక పీడీఎఫ్ సమర్పిస్తుంది, దానిని తన వెబ్‌సైటులో కూడా ఉంచుతుంది. అందులో నాలుగేళ్ల కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది నిర్ణీత కాలంలో పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత, ఉన్నత చదువులకు ఎంతమంది వెళ్లారు అన్న వివరాలు ఏడాదివారీగా ఉంటాయి. బ్రాంచీలవారీగా ఉండవు, అది ఒక లోటు. అయినా సంస్థ స్వయంగా ప్రభుత్వానికి ఇచ్చిన అంకెలు కనుక బ్రోచర్ కంటే ఎంతో నయం. మీరు చెప్పిన విశ్వవిద్యాలయం కొత్తదైతే, ఏఐ, ఎంఎల్ బ్రాంచిలో ఇంతవరకు ఎన్ని బ్యాచ్‌లు బయటకు వచ్చాయో అడగండి. బ్యాచే బయటకు రాకపోతే ఆ బ్రాంచి ప్లేస్‌మెంట్ గురించి వారు చెప్పేదంతా ఆశే.

ఇక జీతాల సంగతి. పెద్ద సంఖ్యలో ఫ్రెషర్లను తీసుకునే సేవల కంపెనీలలో (ఇతర సంస్థల కోసం సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) ప్రారంభ ప్యాకేజీ పదేళ్లకు పైగా పెద్దగా కదలలేదు. టీసీఎస్‌లో నింజా అనే ప్రారంభ స్థాయిలో 3.36 లక్షలు, ఇన్ఫోసిస్‌లో 3.6 లక్షలు, విప్రోలో 3.5 లక్షలు అన్న అంకెలు నగరంలో ఏ విద్యార్థిని అడిగినా చెబుతారు. సీటీసీలో, అంటే ప్యాకేజీగా చెప్పే మొత్తంలో, యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే భాగం కలిసి ఉంటాయి కనుక చేతికి వచ్చేది నెలకు 22 నుంచి 25 వేలు అనుకోండి. అదే టీసీఎస్‌లో దానికంటే పైదైన డిజిటల్ స్థాయికి ఎంపికైతే 7 లక్షలు. కాకపోతే ఆ రెండు స్థాయిలకూ ప్రవేశం రాత పరీక్షతో, ఇంటర్వ్యూతో తేలుతుంది. మూడు లక్షల ఫీజు కట్టిన విద్యార్థికి ప్రశ్నపత్రం వేరుగా రాదు.

సమాధానం: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి

మీరు 12 లక్షలను జీతంతో పోల్చుతున్నారు. పోల్చవలసింది ఆ మొత్తాన్ని కాదు, రెండు సీట్ల మధ్య తేడాను. కన్వీనర్ సీటుకైనా నాలుగేళ్లలో 3.8 లక్షలు ఎలాగూ అవుతాయి, అవి మీ డిపాజిట్ నుంచి వెళ్లిపోతాయి. కాబట్టి విశ్వవిద్యాలయం కోసం మీరు అదనంగా పెట్టేది ఏడాదికి 2.05 లక్షలు, మొత్తం 8.2 లక్షలు. ఆ అదనాన్ని అప్పుగా తెస్తే ఏమవుతుందో చూద్దాం.

విద్యా రుణానికి చదువుకునే కాలం, ఆపైన ఒక సంవత్సరం వాయిదాలు ఉండవు. అయితే వడ్డీ ఆగదు, ఆ కాలమంతా సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. పది శాతం వడ్డీ అనుకుంటే, మొదటి ఏడాది తీసుకున్న మొత్తంపై ఐదేళ్లు, రెండో ఏడాది దానిపై నాలుగేళ్లు, అలా నాలుగు విడతలకూ కలిపి 2.87 లక్షల వడ్డీ చేరుతుంది. అంటే అమ్మాయి తొలి వాయిదా కట్టేనాటికి బాకీ 11 లక్షలు దాటి ఉంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,600 రూపాయలు. పైన చెప్పిన 22 నుంచి 25 వేల జీతం పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. విశ్వవిద్యాలయంలో చదివినందువల్ల మీ అమ్మాయికి, ఈసీఈ చదివితే వచ్చేదానికంటే నెలకు 14,600 ఎక్కువగా, అదీ పదేళ్లపాటు చేతికి వస్తేనే ఈ బేరం సమానమవుతుంది. ఏడు లక్షల స్థాయి ఉద్యోగం వస్తే ఆ తేడా సులభంగా తీరుతుంది. మూడున్నర లక్షల ఉద్యోగమే వస్తే ఆ వాయిదా చివరకు మీ జీతం నుంచే వెళ్తుంది, అప్పటికి మీ అబ్బాయి కూడా ఇంజినీరింగ్ చదువుతూ ఉంటాడు.

చదువుకునే కాలంలోనే వడ్డీ కడుతూ పోగలిగితే భారం తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకు 1,700 రూపాయలతో మొదలై నాలుగో ఏడాదికి 6,800 దాకా వస్తుంది, తరువాతి వాయిదా 10,800 దగ్గర ఆగుతుంది. ఇలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో కొంత రాయితీ కూడా ఇస్తాయి. రుణం 7.5 లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతారు. మీ ఇంటి పత్రాలు ఇప్పటికే ఇంటి రుణం కింద బ్యాంకులో ఉన్నాయి కనుక ఆ గీత దాటకుండా చూసుకోవడం మంచిది. కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకమైన పీఎం విద్యాలక్ష్మి కింద తనఖా అడగరు, కానీ అది ఎంపిక చేసిన సంస్థల జాబితాకే పరిమితం. మీరు చూస్తున్న విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.

ఇక్కడ ఒక మాట. సీటు అమ్మేవారు "విద్యా రుణంపై వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది" అని ఊరిస్తారు. ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే, ఎనిమిదేళ్లపాటు వడ్డీ మొత్తాన్ని ఆదాయం నుంచి తీసివేసుకోవచ్చు. అయితే అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్నే లేదు కనుక, మూడున్నర లక్షల జీతంతో మొదలుపెట్టే పిల్లకు ఆ మినహాయింపు వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు.

సమాధానం: ఈసీఈ పట్టభద్రురాలు, గచ్చిబౌలి

అంకుల్, నేను కన్వీనర్ కోటాలో ఈసీఈ చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. మా తరగతిలో ఎక్కువమంది ఇదే దారిన వచ్చారు. సేవల కంపెనీలు బ్రాంచి పట్టింపు లేకుండా తీసుకుంటాయి, అది ఇక్కడి ఈసీఈ విద్యార్థులకు పెద్ద అండ. మూడో ఏడాది నుంచి సొంతంగా కోడింగ్ సాధన చేసి, సెలవుల్లో అమీర్‌పేటలో జావా కోర్సు చేసినవారికి, సీఎస్ఈవారికి వచ్చిన ఉద్యోగాలే వచ్చాయి. ఆ శిక్షణకు అయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు.

అయితే అందరూ చెబుతున్నంత సులభమని కూడా అనను. కొన్ని ప్రోడక్ట్ కంపెనీలు (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవి) క్యాంపస్‌కు వచ్చినప్పుడు సీఎస్ఈ, ఐటీ బ్రాంచీలనే పిలిచాయి. మేము పరీక్ష హాలు బయటే ఉండిపోయాము. ఈసీఈలో సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ లాంటి పేపర్లు తేలికగా ఉండవు, ఇష్టం లేని అమ్మాయికి బ్యాక్‌లాగులు పడితే క్యాంపస్‌లో కూర్చునే అర్హతే పోతుంది. మరోవైపు క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి చిప్ సంస్థలకు ఈ నగరంలోనే పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. వాటికి ఎక్కువగా కావలసింది ఈసీఈ చదివినవారే, కాకపోతే నేరుగా చేరడం కష్టం, చాలామంది గేట్ (ఎంటెక్ ప్రవేశానికి జాతీయ పరీక్ష) రాసి ఎంటెక్ చేసి వెళ్తున్నారు. గేట్ అర్హతతో చేరిన ఎంటెక్ విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కనుక ఆ చదువు ఇంటి మీద పడదు. అమ్మాయి ఏమంటోంది? మీ ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు.

సమాధానం: అధ్యాపకుడు, కూకట్‌పల్లి

పై సమాధానాలతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, చౌకగా వచ్చింది కనుక కన్వీనర్ సీటే మేలన్న ధోరణి నాకు సమ్మతం కాదు. ఒక జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలకూ మరొకదానికీ మధ్య నేల, నింగి అంత తేడా ఉంది. తనిఖీ రోజున కనిపించి మరునాడు కనిపించని అధ్యాపకులు, తాళం వేసిన ల్యాబులు ఉన్న కళాశాలలో 95 వేలు కట్టినా దండగే. మీరు ఒక పనిదినం మధ్యాహ్నం రెండు గంటలకు, ముందుగా చెప్పకుండా, మేడ్చల్ కళాశాలకు వెళ్లి ఈసీఈ ల్యాబుల్లో పిల్లలు ఉన్నారో లేదో చూడండి. క్యాంటీన్ దగ్గర నాలుగో ఏడాది పిల్లలను పలకరిస్తే, పోయిన ఏడాది ఏ కంపెనీలు వచ్చాయో, ఆఫర్ లెటరు వచ్చినవారిలో ఎంతమంది నిజంగా చేరారో దాపరికం లేకుండా చెబుతారు. విశ్వవిద్యాలయంలో కూడా ఇదే పని చేయండి, అక్కడ మీకు స్వాగతం పలికే కౌన్సెలర్‌తో కాదు.

ఫీజు విషయంలో ఒక తేడా గమనించాలి. కన్వీనర్ కోటా కళాశాలల ఫీజును ప్రభుత్వ నియంత్రణ కమిటీ మూడేళ్ల కాలానికి ఒకసారి నిర్ణయిస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ ఫీజును తామే నిర్ణయించుకుంటాయి. ఏటా ఎంత శాతం పెంచుతారో రాతపూర్వకంగా తీసుకోకుండా 3 లక్షలను నాలుగుతో గుణించి 12 లక్షలు అనుకోవద్దు. పరీక్ష ఫీజు, "స్కిల్ డెవలప్‌మెంట్" ఫీజు, బస్సు ఫీజు విడిగా ఉంటాయేమో కూడా అడగండి.

నెలాఖరు గడువు గురించి కంగారు పడనక్కర్లేదు. జులై, ఆగస్టు నెలల్లో ఇలాంటి ఫోన్లు నగరంలో ప్రతి ఇంటికీ వస్తాయి. మీ కన్వీనర్ సీటుకు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటుకు ఒప్పుకుంటున్నట్టు నమోదు) చేసి దానిని నిలుపుకోండి. తరువాతి విడతల్లో సీఎస్ఈ కోసం మళ్లీ ఆప్షన్లు ఇవ్వవచ్చు, అదే కళాశాలలో ఇంటర్నల్ స్లైడింగ్ ద్వారా బ్రాంచి మారే అవకాశమూ ఉంటుంది. 31 వేల ర్యాంకుకు ఓ మోస్తరు కళాశాలలో సీఎస్ఈ చివరి విడతలో దొరకడం అసాధ్యమేమీ కాదు.

ప్రశ్న అడిగినవారు: చింతల్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. కోడింగ్ ఇష్టమని, కానీ ఫిజిక్స్ అంటే భయం లేదని, ఈసీఈ అయినా చదవగలనని చెప్పింది. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఎన్ఐఆర్ఎఫ్ ఫైలు వెతికాను, దొరకలేదు. ఫోన్ చేసి అడిగితే ఏఐ, ఎంఎల్ మొదటి బ్యాచ్ ఇంకా మూడో ఏడాదిలోనే ఉందని ఒప్పుకున్నారు. ఇప్పుడు ముందుగా 50 వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోమని, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమని అంటున్నారు. తరువాతి విడత కౌన్సెలింగ్ ఫలితం చూసేదాకా అలా చేయడం క్షేమమేనా?

సమాధానం: అధ్యాపకుడు, కూకట్‌పల్లి

ఒరిజినల్స్ ఇవ్వకండి. పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలే తప్ప విద్యాసంస్థలు వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధన ఉంది, అది ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది. చేరి మానుకున్నవారికి ఫీజు వాపసుపై కూడా యూజీసీ గడువు ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30లోపు రద్దు చేసుకున్నవారికి మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఈ ఏడాది తేదీని యూజీసీ వెబ్‌సైటులో చూసుకోండి. ఆ 50 వేలను "రిజిస్ట్రేషన్" పేరుతో రాస్తే తిరిగి రాబట్టడం కష్టమవుతుంది కనుక, ఒకవేళ కట్టదలిస్తే ట్యూషన్ ఫీజు అని రాసి ఉన్న రసీదు ఇస్తేనే, అదీ బ్యాంకు ద్వారానే కట్టండి. నా సలహా మాత్రం తరువాతి విడత సీట్ల కేటాయింపు వచ్చేదాకా వారికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దనే. వెబ్ ఆప్షన్లలో సీఎస్ఈ, సీఎస్ఈ అనుబంధ బ్రాంచీలు, ఐటీ అన్నీ వరుసగా పెట్టి, మీకు నచ్చని కళాశాలలను అసలు చేర్చకండి. మెరుగైన సీటు వస్తే ఈసీఈ దానంతట అదే రద్దవుతుంది, రాకపోతే మేడ్చల్ సీటు మీదగ్గరే ఉంటుంది.