బాంబులు పడే ఊళ్లకు తిరుపతి నుంచి ఏం పంపితే పనికొస్తుంది?

అలిపిరి మెట్లు (ప్రశ్న)

యుక్రెయిన్‌లో ఖార్కివ్ వైపు జనానికి చలికాలం ముదరకముందే ఏదన్నా పంపాలని తిరుపతిలో నలభై మంది దాకా కలిసినారు. అక్కడ మెడిసిన్ చదువుతూ 2022లో ఆపరేషన్ గంగలో వెనక్కి వచ్చిన పిల్లలు, వాళ్ల ఇంటోళ్లు ఎక్కువ. మందులు, దుప్పట్లు, స్వెట్టర్లు పోగు చేద్దామని కొందరు. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉండాది కదా, ఇన్వర్టర్ బ్యాటరీలే కొని పంపుదామని ఇంకొందరు. డబ్బు పంపితే చట్టంతో తంటా వస్తుందేమోనని భయం. ఇన్ని దేశాలు ఇస్తా ఉంటే ఇంకా ఎందుకు అడుగుతారని అడిగేవాళ్లూ ఉండారు. విషయం తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

పుత్తూరు కట్టు

మందుల సంగతి ముందు చెప్తా. ఇళ్లల్లో మిగిలిన స్ట్రిప్పులు, డాక్టర్లకు వచ్చే శాంపిళ్లు పోగు చెయ్యొద్దు, ఒక్కటి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ఏమంటే, దానంగా ఇచ్చే మందు ఆ దేశం చేరేనాటికి దాని గడువు కనీసం ఏడాది మిగిలి ఉండాల. డబ్బా మీద బ్రాండ్ పేరు ఒక్కటే చాలదు, జెనెరిక్ పేరు ఉండాల, అక్కడివాళ్లు చదవగలిగే భాషలో. ఒక రోగికి ఇచ్చి తిరిగొచ్చిన మందు అసలు పనికిరాదు.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 1992 నుంచి 1996 దాకా బోస్నియాకు ప్రపంచం నలుమూలల నుంచి మందులు పోయినాయి. వాటిలో సుమారు 17,000 టన్నులు గడువు తీరినవో, అక్కర్లేనివో, ఏవో తెలియనివో అని తర్వాత లెక్క తేలింది. యుద్ధంలో ఉన్న ఊళ్లో గోడౌను దొరకదు. ఉన్న ఒక్క గోడౌనూ చెత్త మందులతో నిండితే సెలైన్ పెట్టను చోటు ఉండదు. ఆ మందుల్ని కాల్చను మళ్లా డబ్బు కావాల.

ఇంకోటి. 2022 ఫిబ్రవరి 24 నుంచి యుక్రెయిన్ ఆకాశంలో పౌర విమానాలు లేవు. ఏది పంపినా పోలండ్ లేదా రుమేనియాలో దించి, లారీలో రోడ్డు మీద పోవాల. స్వెట్టరు ధర కన్నా కార్గో ఖర్చు ఎక్కువ. పైగా మన తిరుపతిలో దొరికే స్వెట్టరు మైనస్ పది డిగ్రీలకు నేసింది కాదు.

టోర్నికే పంపుతామని కూడా కొందరు అంటారు. రక్తం ఆపే ఆ పట్టీ మంచిదే, కానీ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకిలీలతో ప్రాణాలు పోతాయి. తిప్పి బిగించే పుల్ల వంగిపోతుంది, లేదంటే వెల్‌క్రో జారిపోతుంది. అసలుది కూడా గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా, రక్తం పూర్తిగా ఆగేదాకా తిప్పి, కట్టిన టైం దాని మీద రాయాల. మధ్యలో "కాలు పాపం" అని వదులు చేస్తే అదే చంపుతుంది.

మన ప్రభుత్వం 2024 ఆగస్టులో కీవ్‌కు ఇచ్చిన నాలుగు భీష్మ్ క్యూబులు, అంటే పెట్టెల్లో సర్దిన చిన్న ఆసుపత్రులు, చూడండి. ఒక్కో క్యూబు దాదాపు 200 మంది గాయపడినవాళ్లకు సరిపోతుంది, రోజుకు 10-15 చిన్న ఆపరేషన్లు చెయ్యొచ్చు, కొంతమేర కరెంటు, ఆక్సిజన్ దానికదే తయారు చేసుకుంటుంది. ఏ పెట్టెలో ఏముందో ముందే తేల్చి సర్దిన సాయం అంటే అది. మనం కట్టే మూటలు అట్ల ఉండవు.

సబ్‌స్టేషన్ సుబ్బడు

బ్యాటరీల ప్రశ్నకు జవాబు: ఇక్కడ కొని పంపొద్దు. ఫ్యాక్టరీలో లోపం ఏమీ లేదు. ఇబ్బంది వేరే.

మన ఇళ్లల్లో ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైమాటే. లోపల యాసిడ్, అంటే ప్రమాదకర సరుకు కింద లెక్క, దాని ప్యాకింగూ కాగితాలూ వేరే. లిథియం అయితే విడిగా ప్రయాణికుల విమానంలో ఎక్కించనే ఎక్కించరు, సరుకు విమానంలో కూడా చార్జు 30 శాతం మించకూడదు. అదే సరుకు పోలండ్‌లో కొంటే మర్నాడు లారీ ఎక్కుతుంది.

లెక్క కూడా చూసుకోండి. 150 ఏహెచ్ అంటే 1,800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాల, ఇన్వర్టర్ నష్టం పోతే చేతికొచ్చేది 760 చిల్లర. రౌటర్, మూడు ఎల్‌ఈడీలు, రెండు ఫోన్లు అయితే 16 గంటలు. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ పంపు కూడా దాని మీదే ఆడాలంటే నాలుగున్నర గంటలు. కరెంటు 8 గంటలు పోయి 4 గంటలే వచ్చే రోజుల్లో లెడ్ యాసిడ్ పూర్తిగా ఎక్కదు. సగం చార్జుతోనే రోజులు గడిస్తే ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుని ఒక్క చలికాలానికే చచ్చిపోతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని బాల్కనీలో వదిలితే మైనస్ పది దగ్గర లోపలి నీళ్లు గడ్డకట్టి డబ్బా పగులుతుంది. లిథియం ఫాస్ఫేట్ తొందరగా ఎక్కుతుంది గానీ సున్నా డిగ్రీల కింద చార్జ్ పెడితే సెల్లు పాడు. జెనరేటర్ అయితే ఇంటి లోపల పెట్టి కార్బన్ మోనాక్సైడ్‌తో పోయేవాళ్లుంటారు, అందుకే దాంతోపాటు ఆ గ్యాసును పసిగట్టే అలారం ఇవ్వకుండా జెనరేటర్ ఒక్కటే ఇవ్వడం తప్పు.

ఇక "ఇంకా ఎందుకు అడుగుతారు" అన్నోళ్లకు. 2022 అక్టోబర్ 10 నుంచి దాడులు కరెంటు వ్యవస్థ మీదకు మళ్లినాయి. అక్కడ కరెంటు పోవడం అంటే మన దగ్గర ఫ్యాను ఆగినట్టు కాదు. పెద్ద ఊళ్లల్లో చాలా అపార్ట్‌మెంట్లకు వేడి నీళ్లు ఊరుమ్మడి పైపుల్లో వస్తాయి. కరెంటు పోతే పంపులు ఆగుతాయి, కదలని నీళ్లు పైపుల్లో గడ్డకట్టి, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు పగులుతాయి. అందుకని దాడి జరిగిన రాత్రే భవనాల పైపులన్నీ ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. మళ్లా నింపి నడపను రోజులు పడుతుంది. పై అంతస్తులకు మంచినీళ్లు పోతాయి, మురుగు పంపులు కూడా ఆగుతాయి.

అన్నిటికన్నా దొరకనిది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. వాళ్ల గ్రిడ్, అంటే దేశమంతా కరెంటు మోసే తీగల వ్యవస్థ, 750, 330, 110 కిలోవోల్టులు. మనది 400, 220, 132. మన సబ్‌స్టేషన్‌లో స్పేర్ ఉన్నా తీసుకుపోయి అక్కడ పెట్టలేం. కొత్తది ఆర్డరిస్తే ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఒక్కోటి నూరు టన్నులు దాటి ఉంటుంది, మోసుకుపోయే రైలు వ్యాగన్, రోడ్డు వంతెన చూసుకోవాల. లోపల నూనె, పేలుడులో ఎగిరిన ఒక్క ముక్క తగిలితే చాలు అంటుకుంటుంది. ఇసుక బుట్టలు, కాంక్రీటు గోడలు కడితే ముక్కల నుంచి, చిన్న డ్రోన్ల నుంచి కాపాడుకోవచ్చు, నేరుగా వచ్చే క్షిపణికి అవి ఆగవు. దాన్ని ఆకాశంలోనే కొట్టాల, ఆ సరంజామా బయటి దేశాలు ఇస్తేనే వస్తుంది. అది ప్రభుత్వాల మధ్య పని, మన చందాలతో అయ్యేది కాదు.

బయటి సాయం పనిచేసిన చోటు కూడా చెప్పాల. యుద్ధం మొదలైన రోజే, 2022 ఫిబ్రవరి 24న, యుక్రెయిన్ గ్రిడ్ పరీక్ష కోసం రష్యా, బెలారుస్ లైన్ల నుంచి విడిపోయి ఒంటరిగా నడుస్తా ఉండింది. 2022 మార్చి 16న యూరప్ గ్రిడ్‌తో కలిపినారు. ఆ లైన్ల మీద తెచ్చుకునే పరిమితి 2024 డిసెంబర్‌కు 2,100 మెగావాట్లు. మన ముద్దనూరు థర్మల్ కరెంటు కేంద్రం (ఆర్‌టీపీపీ) మొత్తం 1,650. అంటే ఒక ముద్దనూరు కన్నా ఎక్కువ కరెంటు తీగల్లోనే పోయే వీలు కలిగింది, ఒక్క పెట్టె కట్టకుండా.

పలమనేరు పట్టాలు

అంతా బాగుంది. మన పూంచ్‌లో 2025 మేలో షెల్లు పడితే ఏ దేశం ఏం పంపింది? మన సంగతి మనం చూసుకోవద్దా?

చంద్రగిరి కోట

పలమనేరు అన్నా, న్యాయమైన ప్రశ్నే. జమ్ము సరిహద్దుకు కేంద్రం 2017-18లో 14,460 బంకర్లు మంజూరు చేసింది. ఇంటికొకటి అయితే 160 చదరపు అడుగులు, ఎనిమిది మందికి. ఊరుమ్మడిది 800 అడుగులు, నలభై మందికి. మన వెనక దెబ్బ పడని పెద్ద దేశం ఉండాది కాబట్టి ఆ సిమెంటు, ఆ డబ్బు మనమే పెట్టుకున్నాం. ఊరే ముట్టడిలో ఉంటే ఆ సిమెంటు యాడి నుంచి వస్తుంది? బోస్నియా రాజధాని సరయేవో 1,425 రోజులు ముట్టడిలో ఉండింది. 1992 జులై నుంచి 1996 జనవరి దాకా విమానాల్లో తిండి పోయింది, 1993లో విమానాశ్రయం కింద 800 మీటర్ల సొరంగం తవ్వుకున్నారు. రెండూ లేకుంటే ఊరు నిలిచేది కాదు.

ఖార్కివ్‌కు రష్యా సరిహద్దు సుమారు 30 కిలోమీటర్లు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి అంత దూరం కూడా లేదు. కొన్ని క్షిపణులు నిమిషంలోపు వస్తాయి, సైరన్ కన్నా ముందే పేలుడు వినపడేది ఉండాది. పరిగెత్తి పోయే టైం లేదు గనక బడులనే భూమి కిందకు దించినారు. 2023లో మెట్రో స్టేషన్లలో క్లాసులు, 2024లో నేల కిందే కట్టిన బడి.

ఇంట్లో చిక్కుకున్నోళ్లకు "రెండు గోడల" సూత్రం: బయటి గోడ పేలుడు దెబ్బ తింటుంది, రెండోది ఎగిరే ముక్కల్ని ఆపుతుంది. కిటికీ లేని నడవా మేలు. బాత్‌రూం మంచిదనుకుంటారు గానీ టైల్సు, అద్దం పగిలి అవే కత్తులవుతాయి. కిటికీకి టేపు అంటిస్తే అద్దం పగలకుండా ఉండదు, చెదరడం కాస్త తగ్గుతుందంతే. పగిలినాక కావలసింది ఓఎస్‌బీ చెక్కబోర్డు, మందపాటి పాలిథీన్, మేకులు. స్థానిక సంస్థలు ఎక్కువగా అడిగేవాటిలో ఇదొకటి, దగ్గర్లో కొంటేనే చవక.

చట్టం కూడా ఉండాది. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 23వ అధికరణం ప్రకారం పౌరుల మందులు శత్రువు పక్కకైనా దాటనివ్వాల, తనిఖీ చేసుకోవచ్చు. మన దేశం ఆ ఒప్పందాలకు 1960లో చట్టం చేసింది.

ఆడిటర్ అప్పన్న

డబ్బు విషయం. ఎల్‌ఆర్‌ఎస్ అని విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం ఉంది, దాని కింద మన దేశంలో ఉండే ఏ వ్యక్తి అయినా ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, బహుమతి, విరాళం అందులోనే. బ్యాంకులో పాన్, ఫారం ఏ2 ఇవ్వాలి. ఏడాదికి 10 లక్షలు దాటిన భాగానికే టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను), మీ నలభై మందికి ఆ బాధ రాదు.

తప్పు జరిగేది ఎక్కడంటే, అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసుకుని ఆయన పేరు మీద పంపడం. రేపు ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఎవరికి వారు తమ పాన్ మీద పంపుకోండి. విదేశీ సంస్థకు ఇస్తే 80జీ పన్ను మినహాయింపు రాదు, ముందే అందరికీ చెప్పేయండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అంటూ భయపెట్టేవాళ్లుంటారు, అది బయటి నుంచి మన దేశంలోకి వచ్చే డబ్బుకు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీకి నేరుగా ఇవ్వొచ్చు. యునైటెడ్24 అని యుక్రెయిన్ ప్రభుత్వం 2022 మేలో పెట్టిన విరాళాల వేదికలో పద్దులు విడివిడిగా ఉంటాయి. రక్షణ పద్దు జోలికి పోకుండా వైద్యం పద్దు ఎంచుకోండి, లేకుంటే బ్యాంకు ప్రశ్నలు వెయ్యొచ్చు. థర్మల్ కెమెరాలు, డ్రోన్లు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు కొరియర్‌లో పెడదామని ఎవరన్నా అంటే వద్దనండి, వాటి ఎగుమతికి లైసెన్సు నియమాలు ఉన్నాయి.

అలిపిరి మెట్లు

చానా థ్యాంక్స్ అందరికీ. డబ్బే పంపుతాం, ఎవరి పాన్ మీద వాళ్లు. ఒక్కటే చిక్కు, అప్పుడే మూడు బస్తాల దుప్పట్లు వచ్చేసినాయి.

పుత్తూరు కట్టు

వెనక్కి ఇయ్యొద్దు, ఇచ్చినోళ్లు నొచ్చుకుంటారు. తిరుపతి ఆసుపత్రుల దగ్గర రాత్రిళ్లు రోగుల బంధువులు ఆరుబయట పడుకుంటారు కదా, మార్గశిరం చలి మొదలైతే ఒక్క పూటలో అయిపోతాయి. ఉతికి, మడిచి తీసుకుపోండి.