ఢిల్లీలో అద్దె ఇల్లు, రేషన్, పిల్లల బడి సంగతి?

అమలాపురం నుంచి కరోల్ బాగ్ వైపు పనికి వెళ్తున్నాం, ఇద్దరు పిల్లలు. ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అసలు గొడవంతా కరెంటు దగ్గరే. ఓనరు విడిగా పెట్టిన సబ్ మీటరైతే యూనిట్ రేటు కాగితంలో రాయించండి. దిగిన రోజే మీటరు రీడింగు ఫొటో తీసి, తేదీతో సహా ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. లేదంటే పాతవాళ్ల బకాయి మీ నెత్తిన పడుతుంది. పోలీస్ వెరిఫికేషన్ చేయించారో లేదో ఓనర్ని అడగండి.

జవాబు: రేషన్ కార్డు సరెండర్ చెయ్యొద్దు! అదే కార్డు మీద అక్కడి షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. అదే కార్డులో ఉన్న అత్తగారు ఊళ్లో ఉంటే ఆవిడ వాటా ఊళ్లోనే తీసుకుంటారు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే ఈ సౌకర్యం, అది ముందే సచివాలయంలో కనుక్కోండి. అందరి ఆధార్, ఈకేవైసీ బయల్దేరకముందే పూర్తిచేయించండి. పనిచేసి అరిగిన వేళ్లకి మిషన్ ఒక్కోసారి ముద్ర పట్టదు, వేరే వేలు పెట్టి చూడాలి.

జవాబు: బడికి ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారిది దగ్గర. టీసీ మర్చిపోవద్దు. అన్నట్టు, జనవరిలో ఇడ్లీ పిండి పులవదమ్మా, గోరువెచ్చని నీళ్లతో రుబ్బి గిన్నెకి దుప్పటి చుట్టండి.